వేషానికి చోటున్న ఆట



ఈ వారం కంప్యూటరు ఆటల గురించి మాట్లాడతానంటే, రేడియోవాళ్ళు "పిల్లలచేత మాన్పించడం ఎలాగో చెప్తారా?" అని ఆశగా అడిగారు. అది నాకు చేతకాని విద్య. ఆ ఆటల్లో ఒక రకం మనుషులుంటారు. వాళ్ళు గెలవడానికి రారు, వేషం కట్టడానికి వస్తారు. ఇంగ్లీషులో వాళ్ళని రోల్‌ప్లేయర్లు అంటారు. వాళ్ళకి నచ్చే ఆట ఎలా ఉంటుంది, ఆ ఆటలో మన తెలుగుకి చోటెంత అన్నదే ఈ పూట నేను చెప్పబోయేది.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఉండేది ఇక్కడే అరోరాలో. ఉద్యోగం ఐటీ కన్సల్టెంటుగా. వారమంతా క్లయింట్ల దగ్గర మీటింగులతో సరిపోతుంది. శుక్రవారం రాత్రి మాత్రం ఓ రెండు గంటలు లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్ అనే ఆటలో ఉంటాను. అది 2007లో మొదలైన ఆట. అందులో నేను కత్తి పట్టిన వీరుణ్ణి కాను, ఊరూరా ఉత్తరాలు పంచే ఒక ముసలి టపా బంట్రోతుని. మోకాళ్ళ నొప్పులు, చేతిలో సంచీ, నోరు తెరిస్తే ఫిర్యాదులు. నాతోపాటు హైదరాబాదు, న్యూజెర్సీ, మెల్‌బోర్నుల నించి ఇంకో అయిదుగురు తెలుగువాళ్ళు వస్తారు. "ఇందులో గెలిచేదేమిటయ్యా?" అని మా మామయ్య అడుగుతుంటాడు. గెలిచేది ఏమీ లేదు. పగటి వేషగాడు గెలిచేదేముంది?

ఊరికే అన్న మాట కాదది. మనకి నాటకం అనగానే తెర, రంగస్థలం, దీపాలు గుర్తొస్తాయి. పగటి వేషానికి అవేమీ ఉండవు. పట్టపగలు ఊరి వీధిలోకి ఓ వేషం నడిచొస్తుంది. కొట్టువాడు బియ్యం కొలుస్తూనే ఉంటాడు, బావి దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు తోడుతూనే ఉంటారు. వేషగాడు వాళ్ళని పలకరిస్తాడు, వాళ్ళు జవాబిస్తారు. ముందుగా రాసుకున్న మాటలు కొన్ని ఉన్నా, ఎదుటివాడు ఏమంటాడో ఎవరికీ తెలియదు. ఆన్‌లైన్ ఆటలో వేషం కట్టడం అచ్చం ఇదే. చుట్టూ వందలమంది తమ పని తాము చూసుకుంటున్న వీధి కావాలి. ఆగి జవాబు చెప్పే తీరిక ఉన్న మనుషులు కొందరు కావాలి. మిగిలినవన్నీ ఈ రెండింటి తర్వాతే.

ఈ ఆటల పుట్టిళ్ళలో రెండు మనకి దగ్గర్లోనే ఉన్నాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయింది విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో. వేసవిలో మనం పిల్లల్ని తీసుకుని పోయే ఆ సరస్సు ఊరే. అది బల్లచుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ, పాత్రల్లా మాట్లాడుతూ ఆడే ఆట. అదే పదేళ్ళలో మన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, అర్బానాలో, ప్లేటో అనే కంప్యూటరు ఉండేది. పాఠాలు చెప్పడానికి కట్టిన యంత్రం. నారింజరంగులో వెలిగే తెరలు. విద్యార్థులు అందులో గుహలు, రాక్షసులు ఉన్న ఆటలు రాశారు. చదువుకోసం పెట్టిన యంత్రంలో ఆటలేమిటని నిర్వాహకులు తుడిచేసినా మళ్ళీ పుట్టుకొచ్చేవి. 1979లో అక్కడే వచ్చిన ఒక ఆటలో ఒంటరిగా పోతే బతకడం కష్టం, జట్టు కట్టాల్సిందే. దాని పేరేమిటో తెలుసా? అవతార్! మన మాటే. దానికి ఒక్క ఏడాది ముందు, 1978లో, ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే కుర్రాళ్ళు మడ్ అనే ఆట మొదలుపెట్టారు. అందులో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. "నీవు ఒక సన్నటి దారిలో ఉన్నావు" అన్న ధోరణిలో తెరమీద వస్తే, ఆటగాడు ఏం చేస్తాడో టైపు చేసేవాడు.

ఇక అసలు విషయం. వేషగాళ్ళకి ఆట బాగుండాలంటే ఏమేం ఉండాలి?

మొదటిది, ఊరికే కూర్చునే చోటు. నవ్వకండి. చాలా ఆటలు మనిషిని కూర్చోనివ్వవు, పరుగెత్తు, కొట్టు, సంపాదించు అని తరుముతూనే ఉంటాయి. వేషగాడికి అరుగు కావాలి. అరుగుమీదికి మనుషులు రావడానికి ఓ కారణమూ కావాలి. దీన్ని బాగా పట్టుకున్న ఆట 2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్. అందులో పోరాడి వచ్చిన యోధుడికి ఒక రకమైన అలసట పట్టుకునేది. అది మందుతో పోదు. పానశాలకి వెళ్ళి, అక్కడ నాట్యమో సంగీతమో చేసేవాళ్ళ ముందు కాసేపు గడిపితేనే తీరేది. ఆ నాట్యం చేసేవాళ్ళూ ఆటగాళ్ళే. ఒక్కసారి ఆలోచించండి. కత్తి తప్ప వేరే ధ్యాసలేని కుర్రాడు పది నిమిషాలు తప్పనిసరిగా కూర్చోవాలి. కూర్చున్నాక పక్కవాడితో మాటలు కలుస్తాయి. ఆ ఆటని 2005లో బాగా మార్చేశారు. 2011 డిసెంబరు 15న మూసేశారు. అయినా ఆ పానశాలల గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

రెండోది, మాట వినబడే దూరం. మామూలు మాట పక్కనున్నవాడికే వినపడాలి, అరిస్తే వీధి చివరదాకా పోవాలి. గుసగుస ఒక్కడికే చేరాలి. ఊళ్ళో అందరి మాటా అందరికీ వినపడితే అది ఊరు కాదు, సంత. మాటతోపాటు చేతలు కూడా ఉండాలి. తల వంచడం, నిట్టూర్చడం, ఆటలో లేని సైగ అయితే "ముసలాయన సంచీ దించి మోకాలు రుద్దుకున్నాడు" అని ఒక వాక్యం రాసే వీలు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇవన్నీ ఉన్నాయి. ఇంకో తమాషా కూడా ఉంది. అందులో రెండు శత్రుపక్షాలుంటాయి. ఒక పక్షం వాడు మాట్లాడితే రెండో పక్షం వాడికి తెరమీద అర్థంకాని అక్షరాల గంప కనిపిస్తుంది. చెన్నై బస్టాండులో మనకి బస్సు బోర్డులు కనిపించినట్టు. భాష తెలియకపోవడం కూడా ఆటలో భాగమే.

మూడోది, బట్టలు వేరు, బలం వేరు. ఎక్కువ కాపాడే కవచమే తొడుక్కోవాలని ఆట శాసిస్తే, ఊరందరూ ఒకేలా తయారవుతారు, పైగా సగంమంది పొంతనలేని ముక్కలు తగిలించుకుని తిరుపతి బొమ్మల కొట్లో మిగిలిన సరుకులా కనిపిస్తారు. వార్‌క్రాఫ్ట్‌లో కవచం బలం ఒకటి, పైకి కనిపించే రూపం ఇంకొకటిగా పెట్టుకునే వీలు 2011 చివర్లో గాని రాలేదు. అది వచ్చాక వేషగాళ్ళు పండగ చేసుకున్నారు. ఆహార్యం లేని వేషం ఎక్కడుంటుంది చెప్పండి!

నాలుగోది, పనికిరాని పనులు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో రొట్టెలు కాల్చవచ్చు, బట్టలు కుట్టవచ్చు, సొంత ఇల్లు కట్టుకోవచ్చు. ఖాళీ పుస్తకం కొనుక్కుని అందులో ఏమైనా రాసి ఇంకొకరికి ఇవ్వవచ్చు. రాక్షసుణ్ణి చంపడానికి ఇవేవీ అక్కర్లేదు. కానీ బతుకు ఉన్నట్టనిపించేది వీటివల్లే. మా ఆటలో వాద్యాలున్నాయి. నిజంగా స్వరాలు రాసుకుని వీణలాంటి ల్యూట్ మీద వాయించవచ్చు, పదిమంది కలిసి కచేరీ చేయవచ్చు. 2009లో ఆటగాళ్ళే వెదర్‌స్టాక్ అనే సంగీతోత్సవం మొదలుపెట్టారు. ఆటలోని ఓ కొండమీద బృందాలు వరుసగా వాయిస్తుంటే కింద జనం చేరి వింటారు. ఆట తయారుచేసినవాళ్ళు వాద్యాలు ఇచ్చారు. ఉత్సవం ఇవ్వలేదు, అది జనం చేసుకున్నది.

అయిదోది కట్టుబాటు. వేషాలు కట్టేవాళ్ళకోసం వార్‌క్రాఫ్ట్ విడిగా కొన్ని సర్వర్లు పెట్టింది. అక్కడ పేర్ల విషయంలో నియమాలు గట్టివి. సినిమా హీరో పేరో, కారు పేరో పెట్టుకుని తిరిగితే కుదరదు. దానికన్నా ముఖ్యమైన రెండు నియమాలు ఆటగాళ్ళే ఏర్పరుచుకున్నారు. ఒకటి, నీకు తెలిసినంత మాత్రాన నీ పాత్రకి తెలియదు. తెరమీద ఎదుటివాడి తలపైన పేరు కనిపిస్తుంది, కానీ అతను చెప్పేదాకా నా టపా బంట్రోతుకి ఆ పేరు తెలియదు. రెండు, ఎదుటివాడి పాత్ర ఏం చేస్తుందో నువ్వు నిర్ణయించకూడదు. "నేను కర్ర విసిరాను" అని రాయవచ్చు. "నీకు తగిలి పడిపోయావు" అని రాయకూడదు. తగిలిందా లేదా అన్నది అవతలివాడు చెప్పాలి.

ఈ రెండో నియమం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఓ పాత సంగతి ఉంది. 1990లో పావెల్ కర్టిస్ అనే ఆయన జిరాక్స్ పరిశోధనశాలలో లాంబ్డామూ అనే అక్షరాల ఊరు మొదలుపెట్టాడు. అక్కడ ఒకడు చిన్న ప్రోగ్రాము వాడి, ఇతరుల పాత్రలు అసహ్యమైన పనులు చేసినట్టు, వాళ్ళ ప్రమేయమే లేకుండా, అందరికీ కనిపించేలా రాయించాడు. జూలియన్ డిబెల్ అనే జర్నలిస్టు 1993లో న్యూయార్కు పత్రిక విలేజ్ వాయిస్‌లో దీని గురించి రాశాడు. అక్షరాలే కదా, దెబ్బ ఎవరికి తగిలిందని కొందరన్నారు. తగిలినవాళ్ళకి తెలుసు. ఆ ఊరివాళ్ళు రోజుల తరబడి వాదించుకున్నారు. చివరికి నిర్వాహకుల్లో ఒకరు ఆ పాత్రని తొలగించారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో అర్జీలు, వోట్లు వచ్చాయి. వేషం వెనకాల మనిషి ఉన్నాడన్నది ఈ ఆటలన్నిటికీ మొదటి పాఠం.

ఇంతవరకూ చెప్పినవి ఏ భాషవాళ్ళకైనా ఒకటే. ఇప్పుడు మన సంగతికి వద్దాం.

మా ముసలి బంట్రోతు ఏ భాషలో విసుక్కోవాలి? తెలుగులో. గుంటూరు జిల్లా తెలుగులో. కానీ ఆట మాటల పెట్టెలో తెలుగు లిపి సరిగ్గా రాదు. చాలా ఆటల్లో ఇంతే. తెలుగు లిపి యూనికోడులో 1991 నించీ ఉంది. మరి చిక్కు ఎక్కడంటే, "స్త్రీ" అన్న అక్షరం తీసుకోండి. మనకది ఒక్క అక్షరం. కంప్యూటరులో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు. ఈ ఆరింటినీ చూసి, త ఒత్తు, ర ఒత్తు ఎక్కడ తగిలించాలి, గుడి ఎక్కడ పెట్టాలి అని కూర్చే పనిమంతుడు ఒకడు మధ్యలో ఉండాలి. ఇంగ్లీషుకి ఆ పనిమంతుడితో అవసరం లేదు, అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే చాలు. ఎన్నో ఆటలు పేర్చడం మాత్రమే నేర్చుకున్నాయి. దాంతో తెలుగు రాస్తే డబ్బాలు వస్తాయి, లేకపోతే ఒత్తులు ఊడిపోయి వరుసలో నిలబడతాయి.

అందుకని మేం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాం. ఇది మనకి కొత్త కాదు. 1990ల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకునే తెలుగు విద్యార్థులు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, పెద్దబడి చిన్నబడి అక్షరాలు కలిపి, పద్యాలు కూడా రాసుకున్నారు. పని జరుగుతుంది. కానీ వాళ్ళ తర్వాత వచ్చిన మాలాంటివాళ్ళు ఆ నియమాలు కూడా పాటించరు. మనసుకి తోచినట్టు రాస్తారు. "పాడు" అన్నాడో "పాదు" అన్నాడో పోల్చుకునేసరికి హాస్యం చల్లారిపోతుంది.

ఇంతలో గొంతు వచ్చింది. 2013లో వచ్చిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో అయిదో ఆటని తీసుకుని, ఫైవ్‌ఎమ్ అనే సాఫ్ట్‌వేరుతో ఎవరికి వారు సొంత ఊళ్ళు పెట్టుకోవడం మొదలుపెట్టారు. దొంగలూ పోలీసులూ తుపాకులూ ఉన్న ఆ ఆటలో, ఆశ్చర్యంగా, జనం టాక్సీ నడుపుతారు, మెకానిక్ షెడ్డు పెడతారు, ఆస్పత్రిలో డాక్టర్లవుతారు. ఆ ఆట తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థే 2023లో ఫైవ్‌ఎమ్ బృందాన్ని తనలో కలుపుకుంది. ఇందులో మాట్లాడేది మైకులో, దగ్గరకొస్తే గట్టిగా, దూరం పోతే సన్నగా వినిపిస్తుంది. మన కుర్రాళ్ళు తెలుగు ఊళ్ళు కూడా పెట్టారు. యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారాలు చూడండి. వరంగల్ యాసలో పోలీసు, గోదావరి యాసలో దొంగ. "బండి ఆపు" అంటే "ఎందుకండీ ఆపడం, అలా పక్కన నడుస్తూ అడగండి" అనే జవాబు. ఏ ఇంగ్లీషు సర్వరులోనూ రాని సుఖం అది. లిపి చేయలేని పని గొంతు చేసింది.

అయితే గొంతు ఒకటిచ్చి ఇంకొకటి పట్టుకుపోయింది. అదేమిటో మా జట్టులోనే చూశాం.

మా జట్టులో మెల్‌బోర్నులో ఉండే ఒకావిడ ఉంది. కరీంనగర్ వైపు మనిషి. ఆటలో ఆమెది మగ వేషం, అరవయ్యేళ్ళ కమ్మరి. కోపం ముక్కుమీద ఉంటుంది. నా బంట్రోతు ఉత్తరం ఆలస్యంగా తెస్తే ఆ కమ్మరి తిట్టే తిట్లకోసమే నేను ఆలస్యంగా తీసుకెళ్ళేవాణ్ణి. కొత్తగా చేరిన ముగ్గురు కుర్రాళ్ళు టైపు చేయడం కష్టమన్నారు, మైకుల్లోకి మారాం. మొదటి శుక్రవారం కమ్మరి దుకాణం ముందు నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు. రెండో వారం రాలేదు. ఫోను చేస్తే ఆమె అన్నది ఇదీ: "మైకు పెడితే ఇంక కమ్మరి ఏడుంటడన్నా? నేనే ఉంట గద. దినమంతా నేనే ఉంటున్న. శుక్కురారం గూడ నేనే ఎందుకు?"

ఆ మాట నాకు బాగా పట్టుకుంది. స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగంమీదికి వస్తే జనం మగవాడని మరిచిపోయేవారని పెద్దవాళ్ళు చెప్తారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామాకలాపం చూసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. కానీ వాళ్ళు ఎన్నో ఏళ్ళు సాధన చేసినవాళ్ళు. శుక్రవారం రాత్రి ఓ రెండు గంటలు దొరికిన ఉద్యోగస్తురాలికి ఆ సాధన ఎక్కడినించి వస్తుంది? ఆమెకి అక్షరాలే ముసుగు. అదే అందరికీ వర్తిస్తుంది. నత్తి ఉన్నవాడు అక్షరాల్లో ధారాళంగా మాట్లాడతాడు. పద్నాలుగేళ్ళ పిల్ల ముసలి మంత్రగత్తె అవుతుంది. గొంతులో మన వయసు, ఆడో మగో, ఏ జిల్లానో, ఒక్కోసారి ఏ కులమో కూడా ఊహించేవాళ్ళున్నారు మనలో. నేను అమెరికాలో వారానికి అయిదు రోజులు నా యాస మోస్తూ మీటింగుల్లో మాట్లాడతాను. ఆరో రోజు దాన్ని దించి పక్కన పెట్టుకునే చోటు ఒకటుంటే ఎంత హాయో నాకు తెలుసు.

మా జట్టు ఏం చేసిందంటే, పని రెండుగా పంచింది. ఆట బయటి మాటలు, అంటే "ఉండండి, పాలు పొంగుతున్నాయి" లాంటివి మైకులో. పాత్రల మాటలన్నీ అక్షరాల్లో. కమ్మరి తిరిగొచ్చాడు. ఆ ముగ్గురు కుర్రాళ్ళలో ఇద్దరు మానేశారు. వాళ్ళకి గొంతే ఆట, వాళ్ళ ఊరు వేరే చోట ఉంది. దాంట్లో తప్పేమీ లేదు. కానీ ఒకే ఊళ్ళో రెండింటికీ చోటుంటే వాళ్ళు పోయేవాళ్ళు కాదు.

అందుకని నా జాబితాలో ఆరోది ఇదీ: నా భాష, నా భాష లిపిలో, మాటల పెట్టెలో సరిగ్గా కనిపించడం. మిగతా అయిదూ ఇంగ్లీషువాడికి ఎప్పుడో దొరికాయి. మనకి మాత్రం "తెలుగు కావాలా, ముసుగు కావాలా, ఒకటి ఎంచుకో" అని అడుగుతున్నాయి ఈ ఆటలు. ఇది అసాధ్యమైన కోరిక కాదు. మీ చేతిలో ఉన్న ఫోను "స్త్రీ" అన్న అక్షరాన్ని చక్కగా కూర్చి చూపిస్తోంది. ఆ కూర్పు పని చేసే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేరు అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఆటల కంపెనీలు దాన్ని వాడకపోవడానికి ఒక కారణం, అడిగేవాళ్ళు వాళ్ళకి కనిపించకపోవడం. మేం ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నంతకాలం వాళ్ళ లెక్కల్లో తెలుగు అనే భాష ఉండదు. కాబట్టి ఆడేవాళ్ళు ఫిర్యాదు పెట్టండి. తెలుగులోనే పెట్టండి, డబ్బాలుగా కనిపిస్తే అదే రుజువు. అరోరా, నేపర్‌విల్ చుట్టుపక్కల మనలో చాలామందిది సాఫ్ట్‌వేరు పనే. బాలాజీ గుళ్ళో ప్రసాదం వరుసలో నిలబడినప్పుడు వీసాల గురించి మాట్లాడుకుంటాం. అప్పుడప్పుడు ఇది కూడా మాట్లాడుకోండి. రేపు మీరు పనిచేసే చోట మాటల పెట్టె కట్టే పని మీ చేతికే రావచ్చు.

చివరగా తల్లిదండ్రులకి ఒక మాట. పిల్లవాడు రాత్రి తలుపేసుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడని కంగారు పడేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఆటలో నువ్వెవరు? నీతో ఉన్నవాళ్ళెవరు? ఎవరైనా హద్దు మీరితే ఎవరికి చెప్తావు? మొదటిదానికి కళ్ళు వెలిగించి జవాబు చెప్తే వాడు వేషగాడే. ఆ జవాబు పూర్తిగా వినండి, అందులో మీకు తెలియని పిల్లవాడు కనిపిస్తాడు. మూడోదానికి జవాబు లేకపోతే ఆ ఊళ్ళో పెద్దలు లేరని అర్థం, అలాంటి ఊరు వద్దనండి. గ్రాండ్ థెఫ్ట్ ఆటో మాత్రం పదిహేడేళ్ళు నిండినవాళ్ళకని పెట్టెమీదే రాసి ఉంటుంది. తెలుగులో ఆడుతున్నారని ఆ అంకె తగ్గదు. అలాగే చిన్నపిల్లలు తెలియనివాళ్ళ మధ్య మైకు పెడితే వయసు వెంటనే తెలిసిపోతుంది. అక్షరాలతో ఆడే ఆట ఆ ఒక్క విషయంలో కొంత నయం, అలాగని అక్షరాల వెనక అందరూ మంచివాళ్ళే ఉంటారనీ కాదు.

మీ పిల్లలకి వేషాలమీద సరదా ఉందని తెలిస్తే, ఉగాది నాటికలో ఓ పాత్ర ఇవ్వండి. ఆటని మాన్పించడానికి కాదు, రెండూ ఒకే విద్య కాబట్టి. తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడే పిల్ల, తాను కాని ఇంకెవరో అయి మాట్లాడాల్సి వస్తే ఎంత బాగా మాట్లాడుతుందో చూస్తారు.